మొదటి ఎలక్ట్రిక్ గిటార్: పాతిక వేలను ఎలా పంచుకోవాలి?

ప్రశ్న: నేను కాకినాడలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పుడు ఐదేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను. ఏడాదిన్నరగా స్నేహితురాలి అకూస్టిక్ గిటార్ మీద సాధన చేస్తున్నాను. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన 25,000 రూపాయలతో సొంతంగా ఎలక్ట్రిక్ గిటార్, యాంప్ కొనుక్కోవాలని ఉంది. ఒక దుకాణంలో గిటార్, యాంప్, సంచి, కేబుల్ అన్నీ కలిపిన ప్యాక్ 13,000కు ఇస్తామని, మొదట్లో అదే చాలని అంటున్నారు. మా సీనియర్ ఒకరు 23,000 పెట్టి మంచి గిటార్ కొని, దాన్ని ఇంట్లోని హోమ్ థియేటర్‌కు కలుపుకోమంటున్నారు. డిసెంబరులో డాలస్ నుంచి వస్తున్న మా మేనమామ రెండూ అక్కడి నుంచే తెస్తానంటున్నారు. మేము ఉండేది అపార్ట్‌మెంటులో. సినిమా పాటలతో పాటు కీర్తనలు కూడా వాయించాలని నా కోరిక. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీకు వచ్చిన మూడు సలహాల్లో ఏ ఒక్కదాన్నీ ఉన్నదున్నట్టుగా పాటించవద్దు. పాతిక వేలలో 14,000 నుంచి 15,000 వరకు గిటార్‌కు, 6,500 నుంచి 7,000 వరకు యాంప్‌కు కేటాయించండి. మిగిలిన మూడు నాలుగు వేలను సెటప్‌కు, అంటే గిటార్‌ను చేతికి అనువుగా సరిచేయించడానికి, తీగలకు, కేబుల్‌కు, భుజం పట్టీకి విడిగా ఉంచండి. ఇలా ఎందుకు పంచమంటున్నానో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే దుకాణంలో ఎవరు ఏం చెప్పినా మీ నిర్ణయం మీరే తీసుకోగలుగుతారు.

మీరు ఇప్పటిదాకా వాయించిన అకూస్టిక్ గిటార్‌లో తీగ కదలికను చెక్కపెట్టె అందుకుని పెద్దది చేస్తుంది. వీణలో ఆ పని కుండ చేస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కు ఆ కుండ లేదు. తీగల కింద ఉండే పికప్ అంటే, అయస్కాంతం చుట్టూ వెంట్రుక లాంటి రాగి తీగను వేల చుట్లు చుట్టిన చిన్న దిమ్మ. దాని మీద ఉక్కు తీగ కదిలినప్పుడు చాలా బలహీనమైన విద్యుత్ సంకేతం పుడుతుంది. ఆ సంకేతాన్ని శబ్దంగా మార్చేదీ, ఆ శబ్దానికి నిండుదనాన్నీ కరకునూ ఇచ్చేదీ యాంపే. అంటే ఎలక్ట్రిక్ గిటార్‌కు కుండ యాంప్‌లో ఉంది. గిటార్‌ను వాద్యమనీ యాంప్‌ను దానితో వచ్చే సామాను అనీ అనుకుని, డబ్బంతా మొదటిదాని మీద పెట్టేవాళ్లు సగం వీణను కొని ఇంటికి తెచ్చుకున్నట్టే లెక్క.

హోమ్ థియేటర్ సలహా అందుకే పనికిరాదు. పికప్ నుంచి వచ్చే సంకేతాన్ని అందుకోవడానికి గిటార్ యాంప్ ముఖద్వారం దాదాపు 10 లక్షల ఓమ్‌ల నిరోధంతో ఉంటుంది. పాటలు వినే పరికరాల్లో అది అందులో కొద్ది భాగమే ఉంటుంది కాబట్టి, గిటార్‌ను నేరుగా కలిపితే పై స్వరాల మెరుపు పోయి, దుప్పటి కప్పుకుని పాడినట్టు మందంగా వినిపిస్తుంది. స్పీకర్ల విషయం దీనికి పూర్తిగా ఎదురు తిరుగుతుంది. హోమ్ థియేటర్ స్పీకర్ మనిషి చెవి వినగలిగిన సన్నని ధ్వనులన్నిటినీ పలికిస్తుంది, గిటార్ స్పీకర్ మాత్రం 5,000 హెర్ట్జ్ దాటాక తానే తగ్గిపోతుంది. సినిమా పాటల్లో మీకు నచ్చే ఆ గరుకు శబ్దం, అంటే డిస్టార్షన్, వినడానికి ఇంపుగా ఉండటానికి కారణం ఆ తగ్గుదలే. అదే శబ్దాన్ని మామూలు స్పీకర్‌లో వింటే పెనం మీద నూనె చిటపటలాడినట్టు ఉంటుంది. పైగా గిటార్ తీగను గట్టిగా మీటినప్పుడు వచ్చే కుదుపు, రికార్డు చేసి సమం చేసిన పాటలో ఉండదు. ఆ కుదుపుకు ఇంట్లోవాళ్లు టీవీ చూసే స్పీకర్లు చెడిపోతే ఆ తగవు మీకెందుకు?

సెటప్‌కు డబ్బు విడిగా ఉంచమన్నాను. మొదటి గిటార్ కొనే వాళ్లలో చాలామందికి ఈ మాట ఎవరూ చెప్పరు, నాకూ చెప్పలేదు. నేను మొదటి ఎలక్ట్రిక్ గిటార్‌ను ఒక దుకాణంలో కొన్నప్పుడు పెట్టెలోంచి తీసి, ట్యూన్ చేసి, చేతికిచ్చి పంపారు. ఆరు నెలలు ఎంత సాధన చేసినా మొదటి మెట్టు (ఫ్రెట్) దగ్గర ఎఫ్ కార్డ్, అంటే ఆరు తీగలనూ నొక్కి కలిపి మోగించే స్వరాల గుత్తి, పట్టేసరికి చూపుడు వేలు కోసుకుపోయేది, పట్టాక కూడా అపస్వరం పలికేది. నా వేళ్లలోనే బలం లేదని, ఈ వాద్యం నాకు రాసిపెట్టి లేదని నిజంగానే నమ్మాను. చివరికి వాద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళితే, ఆయన మొదటి మెట్టు మీద తీగ ఎంత ఎత్తున ఉందో ఒక్కసారి చూసి, సూదిమొన లాంటి చిన్న ఆకురాయి తీసుకున్నారు. మెడ చివర తీగలు కూర్చునే తెల్లని పట్టీని నట్ అంటారు. దాని గాడుల్ని ఒక్కొక్కటిగా ఐదారు రాపిడులు రాస్తూ, ప్రతిసారీ తీగను తిరిగి గాడిలో వేసి, మూడో మెట్టు దగ్గర నొక్కి, మొదటి మెట్టుకూ తీగకూ మధ్య సందును కన్ను దగ్గరగా పెట్టి చూశారు. అరగంట పట్టింది. ఇంటికి వచ్చి పట్టిన మొదటి ఎఫ్ కార్డ్ ఆరు తీగల్లోనూ శుభ్రంగా మోగింది. ఆ ఆరు నెలలూ నా వేళ్లకు లేని దోషాన్ని అంటగట్టుకున్నానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది, ఈ సమాధానం ఇంత పొడుగ్గా రాయడానికి కారణం కూడా అదే.

బొబ్బిలిలో పనసకర్రతో ఎంత చక్కగా వీణను చెక్కినా, మైనం మీద మెట్లను చెవితో సరిచూసి నిలబెడితే గాని అది పలకదు. గిటార్‌లో మెట్లు లోహంతో మెడలోకి దిగగొట్టి ఉంటాయి కాబట్టి వాటిని జరపలేం. సరిచేసేది మిగతా నాలుగు చోట్ల: నట్ గాడుల లోతు, మెడ లోపలి ఉక్కు కడ్డీ బిగువు, తీగల రెండో చివర ఆనుకునే బ్రిడ్జి దగ్గర ఒక్కో తీగ ఎత్తు, ఒక్కో తీగ పొడవు. పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే కొత్త చేతికి హాయిగా ఉంటుంది. ఈ పని చేయించడానికి, కొత్త తీగలతో కలిపి, 1,500 రూపాయలు పక్కన పెట్టండి. సెటప్ అయిన 14,000 గిటార్, సెటప్ కాని 23,000 గిటార్ కంటే మీ చేతికి ఎక్కువ సంగీతం ఇస్తుంది.

ఇక ఏ గిటార్ అన్నది. కీర్తనలు వాయించాలని మీరు రాసిన ఒక్క వాక్యం నా సలహాను చాలావరకు నిర్ణయించింది. మీకు దగ్గరలోనే, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు చేసిన పని గుర్తు చేసుకోండి. మామూలు మాండలిన్‌కు జంట తీగలుంటాయి. మీటిన స్వరం క్షణంలో ఆరిపోతుంది, స్వరాన్ని ఊపి పలికే గమకానికి వ్యవధి ఉండదు. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకుని, జంటలు తీసేసి, ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. పికప్, యాంప్ కలిసి స్వరాన్ని నిలబెట్టాయి కాబట్టే ఆ చిన్న వాద్యం మీద కాంభోజి రాగాన్ని తీరిగ్గా వినిపించడం సాధ్యమైంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో మీకు అక్కరకు వచ్చే గుణం ఇదే. గిటార్ ప్రసన్న గారు కర్ణాటక సంగీతాన్ని ఈ వాద్యం మీద పూర్తి కచేరీలుగా వినిపిస్తున్నారు. ఆయన వాయించినది కొనే ముందు ఒక సాయంత్రం కూర్చుని వింటే, మీకు ఎలాంటి శబ్దం కావాలో మీకే తెలుస్తుంది.

గమకానికి తీగను మెట్టు మీదే అడ్డంగా లాగాలి, వీణలో లాగినట్టే. లాగడం తేలిక కావాలంటే తీగ సన్నగా ఉండాలి, లేదా తీగ పొడవు తక్కువ ఉండాలి. ఫెండర్ తరహా గిటార్లలో నట్ నుంచి బ్రిడ్జి దాకా 25.5 అంగుళాలు, గిబ్సన్ తరహాలో 24.75 అంగుళాలు ఉంటుంది. ఒకే మందం గల తీగను ఒకే శ్రుతికి బిగించినప్పుడు పొడవు తక్కువైనదాంట్లో బిగువు తక్కువ. మీ చేతులు మరీ చిన్నవైతే స్క్వైర్ సోనిక్ మస్టాంగ్ అనే గిటార్ 24 అంగుళాలకే వస్తుంది, ఒకసారి పట్టుకుని చూడండి. అరచేయి మామూలుగా ఉన్నవాళ్లకు 25.5 అంగుళాల గిటార్ కూడా, సన్నని తీగల సెట్ వేస్తే, చక్కగా లొంగుతుంది. సన్నని సెట్ అంటే అన్నిటికన్నా సన్నని తీగ అంగుళంలో వెయ్యింట 9 వంతులు, మంద్రపు తీగ 42 వంతులు మందం ఉన్నది. దుకాణంలో ‘నైన్స్’ అని అడిగితే ఇస్తారు.

పికప్‌లలో రెండు రకాలు. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ గాజుగిన్నె మీటినట్టు తేటగా పలుకుతుంది, కానీ గదిలోని కరెంటు తీగల 50 హెర్ట్జ్ గుర్రుమనే శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది. మన ఇళ్లలో చోక్ ఉన్న ట్యూబ్‌లైటు, తిప్పే గుండీతో పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటరు దీనికి పెద్ద శత్రువులు. ఫ్యాన్‌ను పూర్తి వేగంలో పెడితే చాలాసార్లు ఆ గుర్రు తగ్గిపోతుంది, ఈ చిట్కా గుర్తుంచుకోండి. రెండు చుట్టలను ఒకదానికొకటి ఎదురుగా అమర్చిన హంబకర్ ఆ గుర్రును తనలో తానే రద్దు చేసుకుంటుంది, శబ్దం కూడా బొద్దుగా ఉంటుంది. మీలాంటి వారికి, అంటే ఇంకా ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోని వారికి, బ్రిడ్జి దగ్గర హంబకర్, మిగతా రెండు చోట్ల సింగిల్ కాయిల్ ఉన్న అమరిక మంచిది. యమహా పసిఫికా 012 ఈ అమరికతోనే వస్తుంది, స్క్వైర్ సోనిక్ వరుసలో కూడా ఈ అమరిక ఉన్నది దొరుకుతుంది. మొదటి గిటార్‌గా ఈ రెండింటినీ నేను మనస్ఫూర్తిగా సూచిస్తాను. ఆ రోజు ధర పైన చెప్పిన లెక్కను దాటిపోతే, ఇవే రకాలు సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. హైదరాబాదులో ఉద్యోగం వచ్చిన ఉత్సాహంలో కొని, పది రోజులు వాయించి, బదిలీ అయినప్పుడు అమ్మేసే గిటార్లు ఎప్పుడూ ఉంటాయి. సెకండ్‌హ్యాండ్‌లో మెడకూ తలకూ అతుకు దగ్గర సన్నని పగులు ఉందేమో వేలిగోరుతో తడిమి చూడాలి, పగులుంటే ఎంత చవకైనా వదిలేయాలి.

ఒక్కదాన్ని మాత్రం ఖచ్చితంగా వద్దంటాను. తీగల్ని రెండు చివర్లా మరలతో బిగించి, బ్రిడ్జి గాలిలో తేలుతూ ఉండే లాకింగ్ ట్రెమలో ఉన్న గిటార్‌ను మొదటిదిగా తీసుకోకండి. దానిలో ఒక తీగను ట్యూన్ చేస్తే మిగతా ఐదూ శ్రుతి తప్పుతాయి, తీగ మార్చాలంటే పనిముట్లు కావాలి, చవక ధరలో వచ్చే రకం అయితే శ్రుతి నిలబడనే నిలబడదు. కీర్తనకు శ్రుతి మాత అన్నది మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

దుకాణానికి తీరిక ఉన్న రోజున, రద్దీ లేని వేళకు వెళ్లండి. గిటార్‌ను వెంటనే యాంప్‌కు కలపనివ్వకండి. ముందు మెడను తల వైపు నుంచి తుపాకీ గురి చూసినట్టు చూస్తే వంకర తెలిసిపోతుంది. బొటనవేలిని మెడ అంచు వెంట పైనుంచి కిందికి నడిపితే మెట్ల చివరలు చర్మాన్ని గీరుతున్నాయో లేదో తెలుస్తుంది. తరువాత ఫోన్‌లోని ట్యూనర్‌తో శ్రుతి చేసి, ప్రతి తీగ మీద ప్రతి మెట్టునూ ఒక్కొక్కసారి మీటండి. ఆరు తీగలు, ఇరవై ఒకటో ఇరవై రెండో మెట్లు, అంతా కలిపి పది నిమిషాల పని, మొహమాటపడకండి. ఎక్కడైనా స్వరం జరజరమంటే సాధారణంగా దాని తరువాతి మెట్లలో ఒకటి ఎత్తుగా ఉందని అర్థం. పన్నెండో మెట్టు నొక్కి మీటిన స్వరం, విడి తీగ స్వరానికి సరిగ్గా పై స్థాయిలో ఉండాలి. ట్యూనర్ ముల్లు తేడా చూపితే అది సెటప్‌లో సరిచేయగలిగే లోపమే గాని, అడిగి తెలుసుకోండి. ఆపైన పన్నెండో మెట్టు నుంచి పదిహేనో మెట్టు దాకా సన్నని తీగల్ని ఒక పూర్తి స్వరం దూరం, అంటే రెండు మెట్లంత, లాగి చూడండి. లాగుతుండగా స్వరం మధ్యలో చచ్చిపోతే ఆ గిటార్ మీ గమకాలకు పనికిరాదు. ఇలా పదిసార్లు లాగాక మళ్లీ ట్యూనర్ చూడండి, ఏ తీగా దిగిపోకూడదు. అప్పుడు మాత్రమే యాంప్‌కు కలిపి, గుండీలు తిప్పినప్పుడు చరచరమంటున్నాయా, కేబుల్ దూర్చే చోట కొద్దిగా కదిపితే శబ్దం తెగిపోతోందా అని చూడండి.

యాంప్ విషయంలో వాట్ల సంఖ్య చూసి మోసపోకండి. 10 వాట్ల యాంప్‌కు బదులు 20 వాట్లది తీసుకుంటే శబ్దం రెట్టింపు కాదు, 3 డెసిబెల్‌లే పెరుగుతుంది, అంటే వినీ వినపడని తేడా. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. అపార్ట్‌మెంటు గదికి 10 వాట్లు చాలా ఎక్కువ, పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొట్టడానికి అందులో సగం చాలు. స్పీకర్ 6 అంగుళాలకు తగ్గకుండా చూడండి, ఎందుకంటే మరీ చిన్న స్పీకర్‌లో మంద్ర స్థాయి ఎండిపోయినట్టుంటుంది. ఫెండర్ ఫ్రంట్‌మ్యాన్ 10జీ, వాక్స్ పాత్‌ఫైండర్ 10, ఆరెంజ్ క్రష్ 12 ఈ కొలతలోవే. వీటిని పోల్చేటప్పుడు డిస్టార్షన్ బటన్ నొక్కకుండా, శుభ్రమైన శబ్దంలో, విడి తీగలను ఒక్కొక్కటిగా మీటి, ఏది మీ చెవికి కంఠస్వరంలా వినిపిస్తుందో అది తీసుకోండి. హెడ్‌ఫోన్ రంధ్రం మీకు తప్పనిసరి. ఫోన్‌ను కలపడానికి ఆక్స్ రంధ్రం కూడా ఉన్నదైతే ఇంకా మంచిది, ఫోన్‌లోని తంబూర శ్రుతిని అందులోంచి వినిపిస్తూ రాత్రి పదకొండింటికి కూడా హెడ్‌ఫోన్‌లో సాధన చేసుకోవచ్చు.

యాంప్‌కు మూడు పిన్నుల ప్లగ్గు ఉంటే దాన్ని మూడు రంధ్రాల సాకెట్‌లోనే పెట్టండి. ఎర్త్ లేని రెండు పిన్నుల ఎడాప్టర్‌తో పని జరిపించకండి. గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా, కేబుల్ ద్వారా యాంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. మీరు వాయిస్తున్నంతసేపు ఆ ఎర్త్‌ను చేత్తో పట్టుకుని ఉన్నట్టే. తీగ తాకగానే చేతికి సన్నగా జివ్వుమని తగిలితే వాయించడం ఆపి, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ చూపించండి.

మీ మేనమామ గారి మాట. యాంప్ మాత్రం అమెరికా నుంచి తేవద్దని ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. అక్కడి గృహ విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. అక్కడి కోసం చేసిన యాంప్‌ను మన గోడ సాకెట్‌లో పెడితే ఫ్యూజు పోవడం అదృష్టం, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడం మామూలు. గిటార్‌కు ఆ చిక్కు లేదు. కానీ పైన చెప్పిన పరీక్షలేవీ మీ చేత్తో మీరు చేయలేరు, లోపముంటే తిరిగి ఇవ్వడానికి డాలస్ వెళ్లలేరు. ఆయన ప్రేమగా ఏదైనా తెస్తానంటే మంచి తీగల సెట్లు అరడజను, గట్టి కేబుల్ ఒకటి తెమ్మనండి. అవి పెట్టెలో ఒక మూల సరిపోతాయి, రెండేళ్లు మీకు పనికొస్తాయి.

13,000 ప్యాక్ సంగతి. చేతిలో 13,000 మాత్రమే ఉండి ఉంటే కూడా నేను దాన్ని కొనమనేవాణ్ని కాదు. ఆ డబ్బులో గిటార్ ఒక్కటే కొని, బ్యాటరీలతో నడిచే, గిటార్‌కే గుచ్చుకునే వాక్స్ యాంప్లగ్ లాంటి చిన్న హెడ్‌ఫోన్ యాంప్‌తో ఏడాది గడపమనేవాణ్ని. ప్యాక్‌లో అన్ని వస్తువులకూ ధర పంచాక గిటార్ వంతుకు వచ్చేది ఎంతో మీరే లెక్క వేయండి.

కొన్నాక ఒక పని రోజూ చేయాలి. కాకినాడ గాలిలో ఉప్పు, తేమ రెండూ ఎక్కువ, చేతి చెమట వాటికి తోడైతే ఉక్కు తీగలు మూడు వారాల్లోనే గరుకెక్కి, లాగినప్పుడు వేలికి ఇసుకలా తగులుతాయి. వాయించడం అయిపోగానే పొడి నూలుగుడ్డను తీగల కింది వైపు నుంచి కూడా పోనిచ్చి, ఒక్కొక్క తీగను నట్ నుంచి బ్రిడ్జి దాకా తుడవండి. సంచిలో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి ఉంచండి. తీగలు నల్లబడితే, తెగే దాకా ఆగకుండా, ఆరింటినీ ఒకేసారి మార్చండి. మొదటిసారి సెటప్ చేయించేటప్పుడే ఆ పనివారి పక్కన కూర్చుని తీగ ఎలా చుట్టాలో చూసి నేర్చుకుంటే, ఆ తరువాత ఎవరి దగ్గరకూ వెళ్లనక్కరలేదు.